వస్తున్నా, ఒక్క నిమిషం

పూర్తిగా పాడైన కంప్యూటరుతో పేచీ లేదు. విప్పుతాం, చూస్తాం, పోయిన ముక్క మారుస్తాం. పూర్తిగా బాగున్నదానితో అసలు పనే లేదు. ప్రాణం తీసేది ఈ రెంటికీ మధ్యలో ఉండేది. మన బల్ల మీద ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేసి, ఇంటికి తీసుకెళ్ళగానే మొరాయించేది. డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి తగ్గిపోయినట్టు.

అక్క కంప్యూటరుకి పట్టుకున్నది సరిగ్గా ఆ జబ్బే.

నేను మూడు చదువులు మొదలుపెట్టి మూడూ మధ్యలో వదిలేసినదాన్ని. ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. ముందు గదిలో కిటికీ కింద ఒక బల్ల, దాని మీద వంగే దీపం, స్క్రూలు వేసుకోవడానికి ఆరు సీసా మూతలు, కింద తాళం ఉన్న ఒక సొరుగు. అదే నా దుకాణం. అక్క నన్ను 'విప్పులమ్మా' అనేది. "విప్పడం సరే. బిగించడం ఎప్పుడు నేర్చుకుంటావే విప్పులమ్మా?"

అక్క పని చదవడం. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేది. వెనక గదిలో, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా. భూగోళం, చరిత్ర, జీవశాస్త్రం... ఎనిమిదేళ్ళు చదివింది. శుభ్రం చేసి పంపిన పాఠాలు ఆ పిల్లల బడివాళ్ళ దగ్గర ఉన్నాయి. వాటిలో అక్క లేదు, పాఠం మాత్రమే ఉంది. అక్క అంతా దాని కంప్యూటరు డిస్కులోనే ఉండిపోయింది. దగ్గులు, నవ్వులు, తప్పు చదివి నాలుక కరుచుకోవడాలు, మధ్యలో "అమ్మా, ఆ మిక్సీ ఆపు" అనే కేకలు. పంపేముందు కోసేసినవన్నీ. వీటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

అక్క పోయి ఏడు నెలలు.

ఒక పొద్దున అమ్మ నా బల్ల దగ్గరికొచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "అక్క కంప్యూటరు ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు. చూడవే," అంది.

నీకెలా తెలుసు అని నేనడగాలి. అడగలేదు. ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళాలన్న మాట తప్ప నాకింకేం తోచలేదు.

గది అలాగే ఉంది. దుప్పట్లు అలాగే కట్టి ఉన్నాయి. మధ్యాహ్నం పూట కూడా లోపల సాయంత్రంలా ఉంటుంది. దుమ్ము వాసన, దాని కింద సన్నగా, అక్క చేతులకి రాసుకునే క్రీము వాసన. మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: డిస్కు కనబడలేదు.

ఆపి మళ్ళీ పెట్టాను. ఈసారి వచ్చింది. మూడోసారి రాలేదు.

రానప్పుడు పెట్టెలోంచి ఒక చప్పుడు. టక్ టక్ టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్ టక్ టక్.

ఈ చప్పుడు నాకు కొత్త కాదు. డిస్కులో చదివే ముల్లు తన చోటు దొరక్క వెనక్కొచ్చి మళ్ళీ వెళ్తుంటే అలాగే తడుతుంది. ఎన్నో విన్నాను. అయినా నా చేయి మీట మీదే ఉండిపోయింది. నేను పనిలో తల దించుకుని ఉన్నప్పుడు, అక్క వచ్చి బల్ల అంచు మీద గోటితో అలాగే తట్టేది. మూడు తట్లు, కాస్త ఆగి, మూడు తట్లు. "తీరికైందా?" అని నోటితో అడగడం దానికి నామోషీ.

పాత సామాన్ల మామయ్యకి ఫోన్ చేశాను. మామయ్య అంటే చుట్టమేం కాదు. రోడ్డు చివర పాత విడిభాగాలు అమ్ముతాడు. నాకు ఎప్పుడైనా గురువంటూ ఉంటే ఆయనే, అదీ తిట్లతో.

"ఏం డాక్టరమ్మా, ఎవరు రోగి?"

"మా అక్కది మామయ్యా. ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు."

మామయ్య గొంతు తగ్గించాడు. "తొందరపడకు. ఒకసారికి ఒకటే మార్చు. రెండు కలిపి మార్చావంటే దొంగ గుంపులో కలిసిపోతాడు. ప్రతిదీ రాసుకో. నీ జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదమ్మా. పోయిన నెల నా స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి నీదేనని నాతోనే వాదించావు."

రాసుకున్నాను. మొదటి రోజు డిస్కు కేబులు మార్చాను. పది సార్లు పెడితే నాలుగుసార్లు వచ్చింది. రెండో రోజు కేబులు గుచ్చే చోటు మార్చాను. మూడు. మూడో రోజు కరెంటు ఇచ్చే డబ్బానే మార్చేశాను. మళ్ళీ నాలుగు. అంటే తప్పు చుట్టుపక్కలవాళ్ళది కాదు, డిస్కుదే.

ప్రతి డిస్కూ తన లోపల ఒక చిన్న డైరీ రాసుకుంటుంది. అది ఎన్నిసార్లు ఆన్ అయింది, తిరుగుతుండగా హఠాత్తుగా ఎన్నిసార్లు కరెంటు పోయింది, అన్నీ. దాన్ని అడిగే పద్ధతి వేరే ఉంది. అడిగాను.

హఠాత్తుగా కరెంటు పోయిన సార్లు: 211.

కరెంటు అన్నిసార్లు పోయే ఊరు కాదు మాది. అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి పద్ధతి పిచ్చి. "నిద్రపోయేవాళ్ళని లేపకూడదు, పనిచేసేదాన్ని పీకకూడదు" అని సామెతలా చెప్పి, అన్నీ వరసగా మూసి, చివరి దీపం ఆరేదాకా నిలబడి చూసేది. మరి ఇన్నెక్కడివి? గోడ మీద క్యాలెండరు వైపు చూపు పోయింది. ఊరికే లెక్కపెట్టాను. అక్క పోయి ఆ రోజుకి రెండువందల పన్నెండు రోజులు.

మర్నాడు అడిగితే డిస్కు 212 అంది.

ఆ మధ్యాహ్నం "బజారుకెళ్ళొస్తా" అని గట్టిగా చెప్పి, చెప్పుల చప్పుడు చేసి, మళ్ళీ చెప్పులు చేత్తో పట్టుకుని వెనక వరండాలోంచి ఇంట్లోకి వచ్చాను. ఒంటిగంటన్నర. వెనక గది తలుపు ఓరగా ఉంది.

అమ్మ అక్క కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, ఎలుకని పట్టుకున్నట్టు భయంగా మౌసు పట్టుకుంది. అక్క రికార్డింగు చేసుకునే ప్రోగ్రాము తెరిచింది. ఒక ఫైలు నొక్కింది. నొక్కగానే లేచి, ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. గదిలో అక్క గొంతు మొదలైంది. కొండల్లో పుట్టిన నది మైదానానికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది... తర్వాత తలుపు కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఖాళీ.

ఆ ఖాళీలోకి, వంటింట్లోంచి అమ్మ పిలిచింది. "రావే, కంచంలో పెట్టేశాను. చల్లారిపోతోంది!"

"వస్తున్నా, ఒక్క నిమిషం!" అంది అక్క, గదిలోంచి.

ఇరవైమూడు సెకన్ల ఫైలు అది. ఎప్పుడో ఒక మధ్యాహ్నం అమ్మ నిజంగా పిలిచింది, దూరం వల్ల ఆ పిలుపు మైకుకి అందలేదు, జవాబు మాత్రం అందింది. అమ్మ ఏడు నెలలుగా ఆ ఖాళీని రోజూ నింపుతోంది.

తిరిగొచ్చి మూయబోయింది. తెర మీద ప్రశ్న వచ్చింది: ముగించమంటారా? అమ్మ ఆ ప్రశ్న వైపు చాలాసేపు చూసింది. మౌసు వదిలేసింది. వంగి, గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"అమ్మా!" తలుపు తోసుకుని వెళ్ళాను. "నువ్వే దాన్ని చంపుతున్నావు!"

మాట నోరు జారాకే అర్థమైంది, ఏ మాటన్నానో, ఎవరు ఎవరినన్నారో. అమ్మ ప్లగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"'అవును' నొక్కమంటుందే అది," అంది. "ముగించమంటారా అని అడుగుతుంది. ఎలా నొక్కను? 'కాదు' నొక్కితే అలాగే ఉండిపోతుంది. ఊరికే కరెంటు కాలుతుంటే అక్క తిట్టేది కదా... అందుకని పీకేశాను."

ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, డిస్కుకి ఏమవుతుందో చెప్పాను. తిరిగేదాన్ని అలా ఆపితే ముల్లు ఉలిక్కిపడుతుందని, రోజూ ఉలిక్కిపడితే చోటు మరిచిపోతుందని. అమ్మ చిన్నపిల్లలా తలూపింది. నిజం చెప్పాలంటే నాకు లోపల కాస్త గర్వం. దొంగ దొరికాడు. కేబులు కాదు, కరెంటు డబ్బా కాదు, మా అమ్మ దుఃఖం. డిస్కు విప్పి తెచ్చి, వెండిరంగు సంచిలో చుట్టి, నా సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నాను.

ఆ రోజు నుంచి నోట్‌బుక్కులో ఇంకో పద్ధతి పెట్టాను. నేను డిస్కుకి కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఒక గీత. డిస్కు చెప్పే లెక్క ఎంత పెరిగితే, నా గీతలూ అన్నే ఉండాలి.

మర్నాడు సాయంత్రం సొరుగు తీసి, డిస్కు తగిలించి అడిగాను.

ఒకటి ఎక్కువ.

మళ్ళీ అడిగాను. అంతే. ఆన్ అయిన సార్లు నా గీతల కంటే ఒకటి ఎక్కువ. హఠాత్తుగా కరెంటు పోయిన సార్లు కూడా ఒకటి పెరిగింది.

"అమ్మా, సొరుగు తీశావా?"

"తాళంచెవి నీ మెళ్ళో ఉంటే నేనెలా తీస్తానే? తీసినా, నాకు కేబులేదో తాడేదో తెలిస్తేగా."

అదీ నిజమే. ఆ రాత్రంతా తలలో అదే తిరిగింది. మర్నాడు సాయంత్రం చూస్తే... ఇంకొకటి.

మామయ్యకి చెప్పాను. "చచ్చేముందు డిస్కులు అబద్ధాలాడతాయమ్మా," అన్నాడు. "మనుషులే నయం, ఆ టైముకి నిజాలు చెప్తారు. జబ్బేంటో తర్వాత చూసుకుందువు గానీ, ముందు కాపీ తీసుకో. మంచి చోట్లన్నీ ముందు తెచ్చుకో. దెబ్బ తగిలిన చోట మొండికెయ్యకు. గాయాన్ని అన్నిటికంటే చివర ముట్టుకో."

కాపీ తీయాలంటే కొత్త డిస్కు కావాలి. కొత్త డిస్కు ఇంట్లోనే ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. అందుకే, డిస్కు సొరుగులో పెట్టిన మూడో రోజు కూడా తాత్సారం చేశాను.

ఆ మూడో రోజు వాన. పొద్దున్నుంచీ ఆగకుండా కురుస్తోంది. మధ్యాహ్నానికే ముందు గదిలో దీపం వేసుకోవాల్సొచ్చింది. ఒంటిగంట ఇరవైకి చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని, సొరుగు ఎదురుగా కూర్చున్నాను. చూరు నీళ్ళ చప్పుడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. గడియారం ముల్లు.

ఒంటిగంటన్నర.

మొదట కాళ్ళకి తెలిసింది. బల్ల కాలికి ఆనుకున్న నా మోకాలికి, సన్నటి వణుకు. తర్వాత చెవికి. పల్చగా, పైకి లేస్తున్న ఈల... డిస్కు తిరగడం మొదలుపెట్టినప్పుడు వచ్చే ఈల.

తాళం తీశాను.

వెండిరంగు సంచి లోపల డిస్కు తిరుగుతోంది. కేబులు లేదు. కరెంటు లేదు. సంచి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఒంటి వెచ్చదనం. సొరుగులోంచి పైకి... క్రీము వాసన.

టక్ టక్ టక్.

సంచి మీంచి చెయ్యి తీయలేదు.

టక్ టక్ టక్.

వంటింట్లోంచి అమ్మ, ఏమీ తెలియకుండా, అలవాటైన గొంతుతో పిలిచింది. "రావే... కంచంలో పెట్టేశాను. చల్లారిపోతోంది."

తట్టడం ఆగింది. ఈల నిలకడగా సాగింది. లోపల ముల్లు కదులుతున్న గరగర... ఏదో చదువుతున్నట్టు. నేను లెక్కపెట్టలేదు. అయినా ఎన్ని సెకన్లో నాకు తెలుసు.

తర్వాత ఎవరో ప్లగ్గు పీకినట్టు, ఠక్కున ఆగిపోయింది.

అమ్మకి చెప్పలేదు. చెప్పకపోవడం నాకు కొత్తేం కాదు.

ఇక్కడ ఆ కొత్త డిస్కు సంగతి చెప్పాలి. ఇంతదాకా ఎవరికీ చెప్పలేదు.

ఏడు నెలల కిందట, ఆ రోజు అక్క నా బల్ల దగ్గరికొచ్చింది. మూడు తట్లు, ఆగి, మూడు తట్లు. "కంప్యూటరు చప్పుడు చేస్తోందే. ఒకసారి చూడవూ?" అంది. నా ముందు ఎవరిదో లాప్‌టాపు పేగులు బయటేసుకుని పడి ఉంది. సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. తల ఎత్తలేదు. "నాకు తీరిక లేదు. అంత భయమైతే వెళ్ళి కొత్త డిస్కు కొనుక్కో. అందులోకి ఎక్కించుకో," అన్నాను. అది కాసేపు నిలబడింది. "సరే, వెళ్ళొస్తా. నీకు తీరిక ఉండదుగా," అంది. కోపంగా కాదు. నవ్వుతూనే అని ఉంటుంది. నేను చూడలేదుగా.

రోడ్డు మలుపులో లారీ.

ఆసుపత్రివాళ్ళు ఒక సంచి ఇచ్చారు. అందులో చెప్పులు, పర్సు, కొత్త డిస్కు డబ్బా. డబ్బా ఒక మూల నొక్కుకుపోయింది. సీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సంచి అలాగే అలమారా పైన పెట్టేశాను. "ఆ వేళప్పుడు దానికి బయటేం పనే?" అని అమ్మ ఏడు నెలల్లో ఎన్నిసార్లు అడిగిందో. గోడని అడిగింది, దిండుని అడిగింది, నన్ను అడిగింది. "ఏమోనమ్మా," అన్నాను ప్రతిసారీ.

ఆ వాన మధ్యాహ్నమే స్టూలెక్కి సంచి దింపాను. సీలు కోశాను.

కాపీ మొదలుపెట్టాను. తెర మీద డిస్కంతా చిన్న చిన్న గళ్ళుగా కనిపిస్తుంది. వచ్చిన గడి పచ్చగా మారుతుంది, రానిది ఎర్రగా మిగులుతుంది. మామయ్య చెప్పినట్టే ఎరుపు తగిలినచోటల్లా దాటేసి ముందుకెళ్ళాను. ఆశ్చర్యం, డిస్కు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఒక రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం దాటేసరికి తెరంతా పచ్చటి చేను. మధ్యలో ఒక చిన్న ఎర్రటి మచ్చ. ఆ మచ్చలో ఏ ఫైలుందో చూశాను. చూడకుండానే తెలుసు. ఇరవైమూడు సెకన్లు.

ఆ మచ్చ మీదకి వెళ్ళగానే డిస్కు తట్టడం మొదలుపెట్టింది. టక్ టక్ టక్. ఆపి, చల్లార్చి, పక్కకి తిప్పి, నిలువుగా పెట్టి, తెలిసిన చిట్కాలన్నీ చేశాను. రాలేదు. తట్టడం మాత్రం ప్రతిసారీ కాస్త నెమ్మదిస్తోంది. ఓపిక అయిపోతున్నవాళ్ళు తట్టినట్టు.

అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. "ఎంతవరకు వచ్చింది?"

"అంతా వచ్చింది. ఒక్కటి రావట్లేదు."

"ఏది?"

తెర మీది ఎర్రటి మచ్చ చూపించాను. అమ్మ చేయి నా భుజం మీద బరువుగా పడింది.

నోట్‌బుక్కు తిరగేశాను. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు, అంతా రాసే ఉంది. కేబులు మార్చిన రోజు వచ్చిన నాలుగుసార్లు... ఒంటిగంటన్నర ప్రాంతంలో. చోటు మార్చిన రోజు మూడుసార్లు... అదే వేళ. అమ్మ భోజనానికి పిలిచే వేళ. ఏడు నెలల నుంచీ అమ్మ ఇంట్లో ఎవరిని పిలుస్తోందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. నన్నే అనుకుని లేచి వెళ్ళేదాన్ని. వెనక గదిలోంచి వచ్చే జవాబు ముందు గది దాకా వినబడేది కాదు.

ఒకసారికి ఒకటే మార్చాలి. నేను మార్చనిది ఒక్కటే మిగిలింది.

"అమ్మా," అన్నాను. "ఒకసారి... పిలు."

"ఎవర్ని?" అనలేదు అమ్మ. వంటింట్లోకి నడిచింది. ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు.

"రావే... కంచంలో పెట్టేశాను."

తట్టడం ఆగింది.

"చల్లారిపోతోందే..."

ఒక గడి పచ్చబడింది. ఇంకొకటి.

"రావే, తల్లీ..."

చివరి గడి. పచ్చ.

డిస్కు నెమ్మదించింది. ఈల కిందికి, కిందికి దిగి... ఊపిరి వదిలినట్టు ఆగిపోయింది. మళ్ళీ ఎన్నిసార్లు కరెంటు ఇచ్చినా తిరగలేదు. తట్టను కూడా తట్టలేదు.

కొత్త డిస్కుని అక్క కంప్యూటర్లో బిగించాను. ఇద్దరం ఆ దుప్పట్ల గదిలో, ఒకే కుర్చీ మీద చెరో సగం కూర్చున్నాం. ఫైలు నొక్కాను.

కొండల్లో పుట్టిన నది మైదానానికి వచ్చేసరికి... తలుపు కిర్రుమంది. ఖాళీ. అమ్మ పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు.

"వస్తున్నా, ఒక్క నిమిషం!"

అమ్మ కళ్ళు మూసుకుంది. నేను ఆపడానికి చెయ్యి చాపాను. అక్కడితో అయిపోవాలి.

తెర మీద గీత సాగుతూనే ఉంది. ఇరవైనాలుగు... ఇరవైఅయిదు...

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

అడుగులు. చెప్పుల్లేని అడుగులు. దూరంగా వెళ్ళలేదు. దగ్గరికి వస్తున్నాయి... మైకు దాకా. ఎవరిదో ఊపిరి, చెవిలో పడినట్టు. మూడు తట్లు. కాస్త ఆగి, మూడు తట్లు.

తర్వాత అక్క, గుసగుసగా, "సరే, వెళ్ళొస్తా. నీకు తీరిక ఉండదుగా," అంది.

నవ్వుతూ అనలేదు.

తెర నిలిచిపోయింది. నలభై ఒక్క సెకన్లు.

"ఇది ఇందులో లేదు," అంది అమ్మ. ఆ ఫైల్లో ప్రతి ఊపిరీ ఆమెకి కంఠతా. "ఇందులో ఇది లేదే." నా వైపు తిరిగింది. ఆ చీకట్లో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఎవరితో అంది ఈ మాట? ఎప్పుడంది?"

చెప్పేశాను. లాప్‌టాపు, సాయంత్రానికిస్తానన్న మాట, కొత్త డిస్కు, ఎత్తని తల. అన్నీ. చెప్పడానికి ఏడు నెలలు పట్టినదానికి, చెబితే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టినా, కొట్టినా. చాలాసేపు తెర వైపు చూసి, "మూసెయ్," అంది.

మూయబోయాను. ముగించమంటారా? అని అడిగింది.

నా చేయి కదలలేదు. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసి, నా వేలితోనే, 'అవును' నొక్కింది.

ఆ తర్వాత అమ్మ ఆ గదికి తాళం వేసింది. భోజనానికి ఎవరినీ పిలవడం లేదు. కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. "పిలిస్తే దానికి రావాల్సొస్తుంది," అంది ఒకసారి, నాతో కాదు, పొయ్యితో. మా ఇద్దరి మధ్యా ఇప్పుడు 'ఉప్పు ఇటివ్వు' కంటే పొడుగు మాటలు లేవు.

కొత్త డిస్కుని తీసి నా సొరుగులో పెట్టుకున్నాను. రోజూ పొద్దున తగిలించి అడుగుతాను. అలవాటైపోయింది. ఆన్ అయిన సార్లు, నా గీతల కంటే రోజుకొకటి చొప్పున ఎక్కువ. హఠాత్తుగా కరెంటు పోయిన సార్లు మాత్రం సున్నా. ఎప్పుడు చూసినా సున్నా. ఎవరో దాన్ని పద్ధతిగా మూస్తున్నారు. మా ఇంట్లో అలా చివరి దీపం ఆరేదాకా నిలబడి మూసేది ఒక్కరే.

దానికి నేను భయపడలేదు. నమ్మండి. నాకది ఓదార్పుగానే ఉండేది, ఇవాళ్టి దాకా.

ఇవాళ మళ్ళీ వాన. అమ్మ ఇంట్లో లేదు, మందులకి వెళ్ళింది. నేను దీపం కింద ఎవరిదో కంప్యూటరు విప్పుకుని కూర్చున్నాను. సాయంత్రానికిస్తానని మాటిచ్చాను. చిన్న స్క్రూ ఒకటి సందులో పడిపోయింది, దాన్ని పట్టకారుతో అందుకుంటున్నాను. అందీ అందకుండా ఉంది.

మోకాలికి వణుకు తెలిసింది. పట్టించుకోలేదు.

క్రీము వాసన వచ్చింది.

టక్ టక్ టక్.

ఈసారి సొరుగులోంచి కాదు. నా ఎడమ పక్క. బల్ల అంచు మీద.

దీపం వెలుగు నా చేతుల దాకానే ఉంది. ఆ అవతల ఏముందో తెలియాలంటే తల ఎత్తాలి. ఎత్తాలనే అనుకున్నాను. ఇన్ని నెలలుగా నేను కోరుకున్నది అదొక్కటే, ఆ రోజు తల ఎత్తి ఉంటే చాలునని. కానీ ఎత్తలేకపోయాను... ఎత్తితే ఎలా కనిపిస్తుందో... ఆసుపత్రిలో దుప్పటి పూర్తిగా తీయనివ్వలేదు మమ్మల్ని.

టక్ టక్ టక్.

తీరిక లేదు అని మాత్రం ఈసారి అనలేదు.

"వస్తున్నా," అన్నాను, తల దించుకునే. "ఒక్క నిమిషం."

తట్టడం ఆగింది. వాసన పోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. చాలాసేపటికి తల ఎత్తితే ఎవరూ లేరు. బల్ల అంచు మీద, నా చేతికి అందేంత దూరంలో, సందులో పడిపోయిన స్క్రూ ఉంది.

సొరుగు తీశాను. డిస్కు ఇంకా వెచ్చగా ఉంది. తగిలించి ఆ ఫైలు తెరిచాను. నలభై ఒక్క సెకన్లు లేదు. మళ్ళీ ఇరవైమూడే ఉంది. కొండల్లో పుట్టిన నది ఉంది. తలుపు కిర్రుమన్న చప్పుడు ఉంది. ఖాళీ ఉంది. ఆ తర్వాత, "వస్తున్నా, ఒక్క నిమిషం" కూడా ఉంది.

గొంతు నాది.